ఎర్రబడే నెల

గబ్బిలం చీకి పారేసిన పిక్క అది.
బ్రాడీపేటలో మా అడ్డరోడ్డు చివర
ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన
నేను బొగ్గుల నుసి పారబోసే చోట మొలిచింది.
బాదం అని అప్పట్లో తెలీదు.
పీకబోయాను,
చేతిలో ఇస్త్రీ పెట్టె ఉందని ఆగాను.
అంతకంటే గొప్ప కారణమేం లేదు.

మొదటి ఏడు మేకలు.
యార్డు నుంచి చిరిగిన మిర్చి గోతం తెచ్చి
మూడు కర్రలకి చుట్టబెట్టాను.
మేక వచ్చింది, మూతి పెట్టింది,
తుమ్మింది.
తుమ్ముకుంటూనే మసీదు సందులోకి పోయింది.
ఈ ఊరి కారం
మొదటిసారి నా పక్షాన నిలబడింది.

రెండో ఏడు ఎండ.
రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు,
పగిలింది మాత్రం నా మడమలే.
బట్టల మీద చిలకరించగా
చెంబు అడుగున మిగిలిన నీళ్ళు దానికి.
పంపు రాని రోజున
చీరలకి పెట్టగా మిగిలిన గంజి, పలచన చేసి.
"చెట్టుకీ గంజి పెడుతున్నావే, మడత నలక్కుండా పెరుగుద్దిలే"
అని నవ్వేది కరుణమ్మ, చీపురు చంకలో పెట్టుకుని.

చెద పడితే వేపపిండి.
ఒరిగితే కర్రకి కట్టాలి,
పాత పంచె అంచుతో, వేలు దూరేంత వదులుగా,
లేకపోతే కట్టు బెరడులోకి దిగిపోద్ది.
ఇదెవరూ చెప్పలేదు. దిగిపోయాకే తెలిసింది.
ఆ మచ్చ నా మోకాలి ఎత్తున ఉంది ఇవాళ్టికీ.
చెట్టు మేడలు దాటి పోయింది,
మచ్చ వెడల్పయింది గానీ
జానెడు కూడా పైకెక్కలేదు.

ఏటా తొలకరికి ముందు
మస్తాన్ వలి నిచ్చెనేసుకుని వస్తాడు.
కరెంటు తీగకి అడ్డమని నడినెత్తి నరకమంటారు వాళ్ళ ఆఫీసులో.
"నెత్తి నరికితే గొడుగు కాదురా, చీపురుకట్టవుద్ది,
తీగవైపు రెండు కొమ్మలు తీసుకో, మొదట్లోకంటా."
"తీగ వంగదు కదమ్మా."
పెళ్ళికెళ్ళే చొక్కాలు రెండు ఊరికే ఇస్త్రీ చేసిచ్చాను.
తీగ వంగలేదు,
వాడు వంగాడు.

ఇప్పుడు అంతస్తు మీద అంతస్తు.
బండికి కట్టిన పరదా పట్టా అమ్మేశాను.
మిట్టమధ్యాహ్నం మూడు ఆటోలు, ఒక కుక్క,
కొరియర్ కుర్రాడి కునుకూ
అన్నీ నా చెట్టు కిందే.

పుష్యం ముగిసే వేళకి
ముందు ఒకే ఒక్క ఆకు ఎర్రబడుద్ది,
ఎవరికీ చెప్పొద్దని చెప్పినట్టు.
పది రోజుల్లో ఆ మాట చెట్టంతా తెలిసిపోద్ది.
యార్డులో కొత్త కాయ దిగే రోజులే అవీ,
ఊరు ఊరంతా ఘాటు.
ఇక్కడ మాత్రం ఘాటు లేని ఎరుపు.
రాగిచెంబు రంగు ఒకటి,
కిళ్ళీ నమిలిన నాలుక ఒకటి,
ఇరవై ఉతుకుల తర్వాతి పెళ్ళిపట్టు ఒకటి.
ముప్పై ఏళ్ళుగా రంగుల మీద చెయ్యేసి బతుకుతున్నా
కొన్నింటికి నా దగ్గర పేరు లేదు.

"వాకిలంతా చెత్త,
ఈసారి కొట్టించి పారేద్దాం,"
ఎదురింటి పిచ్చేశ్వరరావు గారు. ఏటా ఇదే మాట.
కరుణమ్మ ఊడుస్తానే ఉంటది.
పసుపువి ముందు ఎత్తుద్ది,
ఎర్రవి చివరికి ఉంచుద్ది.
ఎందుకని నేనడగలేదు.

మొన్న ఆయన బట్టల మూట విప్పితే
తెల్ల చొక్కా జేబులో బాదం ఆకు.
నాలుగు మడతలు పెట్టి ఉంది, మడత దగ్గర చిట్లింది.
బస్సు టికెట్టు కాదు, మందుల చీటీ కాదు,
ఆకు.

సరిచేద్దామని పెట్టె కింద పెట్టాను.
చిన్న చుయ్‌మనే చప్పుడు.
తీసేసరికి ఎరుపు లేదు,
బీడీ ఆకు రంగు.
నా చేత్తో కాల్చిన చీరలు రెండే రెండు ఈ జన్మలో,
అప్పుడు కూడా ఇంత బెంబేలు పడలేదు.

చుట్టూ చూసి,
కింద రాలినవాటిలో అంత ఎరుపుదే ఒకటి ఏరి
నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో వేశాను.

సాయంత్రం ఆయన వచ్చి లెక్కగా అరవై ఇచ్చాడు.
జేబు తడుముకున్నాడు.
నేను పైకి చూశాను,
కొమ్మ చివర పచ్చగా ఒక మొన
అప్పుడే.